తేటనీళ్లలో దాగిన ఫ్లోరైడ్

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు బోరునీళ్లు చూడటానికి తేటగానే ఉంటాయి. వాటిలోని ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కాచి చల్లార్చినా పోదు. నీళ్లు మరిగి తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మోతాదు మించితే పిల్లల పళ్ల మీద గార మచ్చలు పడతాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంకరపోతాయి. ఈ జబ్బును 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో గుర్తించారు. తర్వాత నాగపూర్‌లోని నీరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి, దానికి నల్గొండ పేరే పెట్టారు. ఇలాంటి కీర్తి ఏ ఊరికీ వద్దు!

చివరికి పెద్ద మేలు చేసింది పైపుల్లో వచ్చిన కృష్ణా నీళ్లే. క్యాన్ నీళ్లు కొనుక్కోగలిగినవాళ్లు ఎలాగో నెట్టుకొచ్చారు. కూలి దొరకని రోజు మళ్లీ బోరు దగ్గరికే పోవాల్సిన ఇంటికి నల్లా విలువ తెలుసు. నాలుగు రోజులు ఆ నల్లా ఎండిపోతే మళ్లీ బోరే గతి. అందుకే పగిలిన పైపు, కడగని ట్యాంకు చిన్న విషయాలని నేననుకోను. కంటికి కనిపించని ఫ్లోరైడ్‌ను పట్టుకోవాలంటే పరీక్షే దారి కాబట్టి, కేంద్రం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు కిట్లతో నీటిని పరీక్షించడం నేర్పించాలి. మీ ఊళ్లో ఆ కిట్ ఎవరి దగ్గరుందో ఇవాళ పంచాయతీలో అడగండి.