నేను తాగను, తోలతానంతే

"నాను గంజాయి తాగనన్నా. బండి తోలతాను, అంతే."

మా పేట కుర్రాడు ఈ మాట అన్నప్పుడు మా ఇద్దరి మధ్యా జైలు ములాఖత్ గది జాలీ ఉంది. నేను పంచశీల సంగతి ఎత్తబోతున్నాను. మత్తు పదార్థాలకు దూరంగా ఉంటామని పౌర్ణమి పౌర్ణమికీ విహారంలో మనమంతా చెప్పుకుంటాం కదా, వాడూ చిన్నప్పట్నుంచీ వాళ్లమ్మ పక్కన కూర్చుని చెప్పినవాడే. నేను నోరు తెరవక ముందే జవాబు సిద్ధం చేసుకున్నాడు. అందులో అబద్ధం కూడా లేదు. వాడికి సిగరెట్టు అలవాటు లేదు. పెళ్లిళ్లలో మందు పోస్తుంటే లేచి వచ్చేసేవాడు. కాబట్టి ఐదో శీలం తప్పలేదని వాడి లెక్క.

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. "కోర్టులో ఇలా అనకు, లాయరు చెప్పినట్టు చెప్పు" అని ఏదో అనేసి వచ్చేశాను. అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. బయట నిలబడ్డ వాళ్లమ్మతో "శీలం పాటించుంటే ఇలా అయ్యేదా అక్కా" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. లోపలికి పంపనివ్వని టిఫిను డబ్బాని చేతుల్లో తిప్పుతూ ఉండిపోయింది.

వాడన్న మాటా, నేనన్న మాటా రెండూ అప్పట్నుంచీ నన్ను వదల్లేదు.

వాడు మంచి డ్రైవరు. ఎస్.కోట దాటాక టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ మీదుగా అరకు ఎక్కే ఘాట్ రోడ్డు వాడికి సొంత వీధి లాంటిది. మంచు దిగినప్పుడు ఎక్కడ హారన్ కొట్టాలో, ఏ దిగుడులో బ్రేకుని కాకుండా గేరుని నమ్ముకోవాలో చెప్పేవాడు. డిసెంబరు, జనవరిల్లో టూరిస్టులు వస్తారు. ఎండాకాలం వచ్చేసరికి బేరాలు తగ్గిపోతాయి, కారు కిస్తీ మాత్రం తగ్గదు. అలాంటి రోజుల్లో ఒక ఫోను వచ్చింది. పైనుంచి కిందకి ఒక్క రాత్రి ట్రిప్పు, నెల సంపాదన.

పట్టుబడ్డాక సరుకు ఎవరిదని పోలీసులు అడిగితే వాడి దగ్గర ఒక నంబరు తప్ప పేరు లేదు. ఆ నంబరు మర్నాటికి పలకలేదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే 10 ఏళ్లకు తగ్గకుండా 20 ఏళ్ల దాకా జైలు, పైన లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. అమ్మినా మోసినా ఒకటే శిక్ష. బెయిలు రావడం కష్టం. బండి కూడా పోతుంది. చట్టం కాగితం మీద యజమానికీ డ్రైవరుకీ తేడా చూపించదు. కానీ చెక్‌పోస్టు దగ్గర ఆగే బండిలో యజమాని కూర్చోడు.

సరే, ముందు వాడి మాటే తీసుకుందాం. తాగనివాడు తోలితే తప్పేమిటి?

భగవాన్ బుద్ధుడు ఉపాసకులు చెయ్యకూడని వ్యాపారాలు ఐదు చెప్పాడు: ఆయుధాలు, మనుషులు, మాంసం, మత్తు, విషం. అందుకే అష్టాంగ మార్గంలో సమ్యక్ ఆజీవం వేరుగా ఉంది. మన ఒంటిని శుభ్రంగా ఉంచుకుంటే సరిపోదు, మన కూడు ఎక్కడినుంచి వస్తోందో కూడా చూసుకోవాలి. "నేను వ్యాపారిని కాను, కూలివాడిని" అని మా కుర్రాడు అనొచ్చు. అక్కడ చేతన అనే మాట అడ్డొస్తుంది. చేసే పనికి మూలం మనసులో ఉన్న ఉద్దేశమే అని ధమ్మం. వాడికి తెలియకుండా డిక్కీలో ఎవరో పెట్టి ఉంటే అది వేరే సంగతి. నెల కిరాయి ఒక్క రాత్రికి ఇస్తామన్నప్పుడు ఆ ఎక్కువ సొమ్ము దేనికో వాడికి తెలుసు. అది తోలినందుకు ఇచ్చింది కాదు, అడగనందుకు ఇచ్చింది. ఆ సరుకు దిగిన చోట తాగేది కూడా మన పేటల్లాంటి చోట్ల కుర్రాళ్లే. కాబట్టి వాడిది తప్పు కాదని నేను అనను. రేపు వాడు ఇది చదివినా అనను.

అయితే ఇక్కడితో ఆగిపోతే నేను వాళ్లమ్మతో అన్న మాట కూడా సరైనదే అయిపోతుంది. కాదని నాకు తెలుసు. ఎందుకు కాదో అర్థమైంది మాత్రం ఎక్కడో అమెరికాలో కార్ల రేసులు ఆడిన ఒక నల్లజాతి మనిషి జీవితం చదివాక. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా కొలంబియా యూనివర్సిటీలో చదివారు, 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. ఆ జనం కథ మనకి పరాయిది కాదు.

అతని పేరు వెండెల్ స్కాట్. 1921లో వర్జీనియా రాష్ట్రంలో డాన్విల్ అనే ఊళ్లో పుట్టాడు. టాక్సీ తోలాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నల్లవాళ్లకి వేరుగా పెట్టిన దళంలో మెకానిక్ పని చేశాడు. తిరిగొచ్చి షెడ్డు పెట్టుకున్నాడు. అది చాలక రాత్రిళ్లు నాటుసారా తోలాడు.

డాన్విల్‌కి పడమటి వైపు అపలాచియన్ కొండలున్నాయి. అక్కడి రైతులు పూర్వం నుంచీ మొక్కజొన్న పండించేవాళ్లు. దారి లేని కొండల్లోంచి గింజలు బస్తాలకెత్తి దించేకంటే సారా కాచి దించితే బరువు తక్కువ, డబ్బు ఎక్కువ. మన తూర్పు కనుమల్లో జరిగిందీ దీనికి దూరం కాదు. కాఫీ, మిరియాలు, పసుపు పండే కొండలే ఇవి. కానీ రోడ్డు లేని లోపలి ఊళ్లకి విత్తనం, అడ్వాన్సు పట్టుకుని గుమ్మం దాకా వచ్చేది గంజాయి వ్యాపారే. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో మొక్కలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోలకు పైగా తగలబెట్టారు. మొక్కలు కాలిపోయాయి గానీ, దాని బేరగాడు కాలిపోలేదు.

మళ్లీ డాన్విల్‌కి. సారా తోలే కారు పైకి మామూలు కారే. లోపల ఇంజను మార్చి, బరువుకి వెనక భాగం కుంగకుండా గట్టి స్ప్రింగులు వేసేవాళ్లు. ఈ డ్రైవర్లే సెలవు రోజుల్లో ఎవరి బండి గట్టిదో తేల్చుకోవడానికి పందేలు వేసుకున్నారు. స్టాక్ కారు రేసులు పెరగడానికి అదొక దారి. స్టాక్ కారంటే జనం కొనుక్కునే మోడలు కారే, పందేనికి తయారు చేసింది. 1948లో దీనికి నాస్కార్ అనే సంస్థ ఏర్పడింది. చాలా రేసులు షార్ట్ ట్రాకుల మీద జరిగేవి. చుట్టు మైలు కంటే తక్కువ, ఎక్కువగా అరమైలు, కొన్ని చోట్ల మట్టి నేల. డాన్విల్‌లో నల్లవాళ్లకి వేరే బెంచీలు. స్కాట్ ఆ బెంచీల మీద కూర్చుని చూసేవాడు.

1949లో సారాతో దొరికిపోయాడు. మూడేళ్ల ప్రొబేషన్ వేశారు. ఆ తరవాత కూడా సారా మానలేదు. 1952లో అక్కడి రేసుల నిర్వాహకులకి టిక్కెట్లు అమ్ముడుపోవడం లేదు. ఒక నల్ల డ్రైవరుని దింపితే నల్లవాళ్లూ టిక్కెట్టు కొంటారని లెక్కేసి, పోలీసుల దగ్గరకెళ్లి "మీరు వెంటపడ్డ వాళ్లలో వేగంగా తోలే నల్లవాడెవడు" అని అడిగారు. పోలీసులు స్కాట్ పేరు చెప్పారు.

ఈ ఒక్క సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అతన్ని దొంగదారి లోంచి పక్కకి పిలిచింది ఏ పాస్టరూ కాదు, ఏ సంఘ సేవకుడూ కాదు. టిక్కెట్ల బేరం. వాళ్లకి కరుణ లేదు. అయినా ఆ చేతుల్లో ఉన్న నేర్పుకి ఇంకో వాడుక ఉందని చూసింది వాళ్లే. మనం శీలం చెప్పాం, వాడి చేతుల్లో ఏముందో చూడలేదు. మా పేటలో పాతికేళ్లుగా బుద్ధవందన జరుగుతోంది. ఆ కుర్రాడి కారు కిస్తీ ఎంతో మా కమిటీలో ఒక్కరికీ తెలియదు, నాతో సహా.

దారి దొరికినంత మాత్రాన లోకం ఎదురొచ్చి దండ వెయ్యదు. స్కాట్ పదేళ్లు చిన్న ట్రాకుల మీద తిరిగాడు. 1959లో వర్జీనియా రాష్ట్ర చాంపియన్ అయ్యాడు. 1961లో పెద్ద స్థాయికి, అప్పట్లో గ్రాండ్ నేషనల్ అనేవాళ్లు, దానికి ఎక్కాడు. అతని జట్టంటే అతనూ, కొడుకులూ. ఇంజను అతనే బాగుచేసుకోవాలి. కారు కూడా పెద్ద డ్రైవర్లు వాడేసిందే. కొందరు తెల్ల డ్రైవర్లు కావాలనే గుద్దేవాళ్లు. తిరిగి గుద్దితే తనని రేసుల్లోంచే తీసేస్తారని తెలుసు కాబట్టి ఓర్చుకునేవాడు. దాన్ని శాంతం అనాలో అవసరం అనాలో నాకు తేలలేదు. రెండూ కలిసే ఉంటాయి చాలాసార్లు.

1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో అరమైలు మట్టి ట్రాకు మీద రేసు. లెక్కకి అది 1964 సీజనులోదే. రిచర్డ్ పెటీ కారు ఇబ్బంది పెడుతుంటే స్కాట్ అతన్ని దాటి ముందుకెళ్లాడు. 200 చుట్లు పూర్తయ్యాయి. జెండా ఊపలేదు. ఇంకా తోలాడు. చివరికి అతని కంటే రెండు చుట్లు వెనకున్న బక్ బేకర్ గెలిచాడని ప్రకటించి ట్రోఫీ ఇచ్చారు. గెలిచినవాడికి ఒక తెల్ల అమ్మాయి ముద్దుపెట్టి ట్రోఫీ అందించడం అక్కడి ఆచారం. ఆ ముద్దుకి భయపడే అలా చేశారని స్కాట్ కుటుంబం చెబుతూ వచ్చింది. జనం వెళ్లిపోయాక, గంటల తరవాత, లెక్కలో పొరపాటు జరిగింది నువ్వే గెలిచావన్నారు. వెయ్యి డాలర్లు చేతికొచ్చాయి. ట్రోఫీ అప్పటికే ఊరు దాటింది.

ఆ సీజనులో మొత్తం 62 రేసులు. స్కాట్ 56 ఆడాడు. 25 సార్లు మొదటి పదిమందిలో ఉన్నాడు, చివరికి 12వ స్థానం. 1966లో ఆరో స్థానం దాకా వెళ్లాడు. ఆ స్థాయిలో అతని గెలుపు మాత్రం ఆ ఒక్కటే. 1973లో టల్లడేగాలో పెద్ద ప్రమాదం జరిగాక ఇక నిలదొక్కుకోలేకపోయాడు. 1990లో చనిపోయాడు. ఆ ట్రోఫీ పేరు మీద నాస్కార్ అతని కుటుంబానికి ఒక ట్రోఫీ ఇచ్చింది 2021 ఆగస్టులో.

రేసు ఆడటం గొప్ప పుణ్యకార్యమని నేను చెప్పడం లేదు. అందులోనూ గెలవాలన్న తృష్ణ ఉంది, ప్రాణాలు పోవడం ఉంది. నేను చూసేది వేరు. న్యాయంగా తోలి గెలిచినా లెక్కలోకి రాని మనిషికి, చీకట్లో తోలితే రాత్రికి రాత్రే డబ్బిచ్చే పాత దారి ఎప్పుడూ పక్కనే ఉంటుంది. మంచి దారిలోకి రా అని పిలిచిన వాళ్లు ఆ దారిలో అతనికి ఏం జరుగుతోందో కూడా చూడాలి కదా.

అంగులిమాలుడి కథ మనందరం చెప్పుకుంటాం. పరుగెత్తేవాడు నడిచేవాడిని అందుకోలేకపోయిన కథ. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో పతితుల, నేరస్థుల ధమ్మ ప్రవేశానికి ఒక భాగమే కేటాయించి ఈ కథని అందులో పెట్టారు. మనం సాధారణంగా అతను ఆగిపోయిన చోట కథ ఆపేస్తాం. తరవాత రెండు సంగతులున్నాయి. కోసల రాజు ప్రసేనజిత్తు సైన్యంతో అతన్ని పట్టుకోవడానికి వచ్చినప్పుడు అంగులిమాలుడు అప్పటికే బుద్ధుడికి దగ్గరలో కూర్చుని ఉన్నాడు. ముందు చోటిచ్చి, తరవాత రాజుకి చూపించాడు. ఇంకోటి, అతను భిక్షకి వెళ్తే జనం రాళ్లు విసిరారు. తల పగిలి, చీవరం చిరిగి తిరిగొస్తే బుద్ధుడు ఓర్చుకోమన్నాడు, చేసినదాని ఫలం ఇది అన్నాడు. నీ తప్పేం లేదని బుజ్జగించలేదు. వెళ్లిపొమ్మనీ అనలేదు.

ఆ అక్కతో మాట్లాడినప్పుడు నేను రాళ్లు విసిరే వైపు ఉన్నాను.

పద్నాలుగు నెలల తరవాత మా కుర్రాడికి బెయిలొచ్చింది. వాయిదాలకి వెళ్లి వస్తున్నాడు. కేసు ఇంకా నడుస్తోంది, ఏమవుతుందో తెలీదు. మొదటి పౌర్ణమికి విహారంలో వెనక గోడ దగ్గర కూర్చున్నాడు. ముందు వరసలోంచి ఇద్దరు తిరిగి చూశారు. ఐదో శీలం దగ్గర అందరితోపాటు వాడి గొంతు కూడా వినిపించింది. అయ్యాక నేను వాళ్లమ్మ దగ్గరకెళ్లి "ఆ రోజు తప్పుగా మాట్లాడానక్కా" అన్నాను. "ఏ రోజు?" అంది. గుర్తులేక కాదని నాకు తెలుసు.

వాడి చేతిలో లైసెన్సుంది, బండి లేదు. వచ్చే బుద్ధ పూర్ణిమకి పేటంతా బొజ్జన్నకొండ వెళ్లాలని అనుకున్నాం. వ్యాను మాట్లాడాలి. డ్రైవరుగా వాణ్ణి పెడదామని కమిటీలో నేనే ఎత్తాను. "ఆడాళ్లు, పిల్లలు ఎక్కుతారు, రేపు దారిలో పోలీసులు ఆపి వాడి పేరడిగితే?" అని ఒక పెద్దాయన అన్నారు. అది తీసిపారెయ్యాల్సిన మాట కాదు. ఇంకొకరు వాడికి కూలి బయటి డ్రైవరుకిచ్చినంతే ఇవ్వాలన్నారు, మనవాడు కదా అని తగ్గించొద్దన్నారు. ఈ మాట నాకు తట్టనందుకు సిగ్గేసింది. రెండు మీటింగులయ్యాయి, ఇంకా తేలలేదు. నేను మాత్రం ముందు సీట్లో వాడి పక్కన కూర్చుంటానని పేరు రాయించాను.