ఒకే పానవట్టం మీద

కాళేశ్వరం గర్భగుడిలో పానవట్టం ఒక్కటే, లింగాలు రెండు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, అంటే శివుడు. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో గోదావరీ ప్రాణహితలు కలిసే ఆ రేవుకు వచ్చిన భక్తులు ముందు యముడికి మొక్కి, తర్వాత శివుడికి మొక్కుతారు. హద్దు గీసేవాడు ముందు, విడిపించేవాడు తర్వాత. కంప్యూటర్ ప్రోగ్రామ్ లోపల ఒక చిన్న భాషకు చోటివ్వాలనుకునేవాడు పాటించాల్సిన వరసా ఇదే.

జనగామలో ఒక పత్తి మిల్లుకు తూకాలు, బిల్లుల ప్రోగ్రామ్‌ను సి ప్లస్‌ప్లస్‌లో రాశారనుకుందాం. కంపైల్ అయ్యాక అది యంత్రానికి తప్ప ఎవరికీ అర్థం కాని ముద్ద. మిల్లు గుమాస్తా దాన్ని తెరిచి చూసినా ఒక్క ముక్క బోధపడదు. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుంది. ఆ కోత లెక్క ముద్దలో కలిసిపోయి ఉంటే, అది మారిన ప్రతిసారీ ప్రోగ్రామర్‌కు ఫోన్ కొట్టాలి. అదే లెక్కను విడిగా, లువా అనే చిన్న భాషలో రాసిన నాలుగు వరుసల ఫైలులో పెడితే గుమాస్తా నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అంకె మార్చి, సేవ్ చేసుకుంటాడు. అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది: బండి తోలుకొచ్చిన రైతు ‘నా ధర ఎట్లా తగ్గింది?’ అని అడిగితే ఆ నాలుగు వరుసలూ చూపించవచ్చు.

లువా 1993లో రియో డి జనీరోలోని క్యాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. పెట్రోబ్రాస్ చమురు కంపెనీ ఇంజినీర్ల కోసం చేసిన రెండు చిన్న భాషలు దానికి మూలం. పోర్చుగీసులో లువా అంటే చంద్రుడు.

పాత ప్రశ్న ఒకటి ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. సృష్టికర్త గీసిన గీతల్లో దొరికేది స్వేచ్ఛేనా, లేక భిక్షా? స్క్రిప్ట్‌కు, అంటే ఆ చిన్న లువా ఫైలుకు, ఏ పనులు అప్పగించాలో నిర్ణయించేది పెద్ద ప్రోగ్రామే. ఫైళ్లు చెరిపే ఫంక్షన్‌ను అది అందివ్వకపోతే స్క్రిప్ట్ తలకిందులుగా తపస్సు చేసినా ఒక్క ఫైలూ చెరపలేదు. స్క్రిప్ట్‌ను రక్షణలో ఉంచి పిలిస్తే, అది తప్పు చేసినా కబురు మాత్రమే వస్తుంది, ప్రోగ్రామ్ కూలదు. ఇంత కట్టడి అవసరమా అంటే, 1999 మార్చిని గుర్తు చేసుకోవాలి. వర్డ్ పత్రాల్లో ఇమిడే చిన్న ప్రోగ్రాములైన మ్యాక్రోలకు అవుట్‌లుక్ ఈ-మెయిల్ చిరునామాల దాకా చేయి చాచే వీలుండేది. మెలిస్సా వైరస్ ఆ దారినే ఈ-మెయిళ్లలో ప్రపంచమంతా పాకింది.

భిక్ష అన్న మాటకు జవాబు పాలకుర్తిలో ఉంది. జనగామ జిల్లాలోని ఆ ఊరి పేరుతోనే కవి పాల్కురికి సోమనాథుణ్ని తెలుగువాళ్లు తలుచుకుంటారు. ఆయన ఎంచుకున్న ద్విపద ఛందస్సుకు కట్టడి తక్కువేమీ కాదు: రెండే పాదాలు, పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, పైగా యతి, ప్రాస. ఆ కంచెలోనే బసవపురాణమంతా పట్టింది. కుమ్మరి గుండయ్య, మాదర చెన్నయ్య, బెజ్జ మహాదేవి వంటి శివభక్తులు అందులో తలెత్తుకుని తిరిగారు. కంచె ఉన్నందుకు వాళ్ల భక్తి ఏం తగ్గింది? జాను తెనుగులో చెప్పినందుకు అది అక్షరం రానివాళ్ల నోటికీ ఎక్కింది. కాబట్టి హద్దు కంటికి కనిపించినంత కాలం, లోపలి రాత చదవగలిగినంత కాలం, అక్కడ దొరికేది నిజమైన స్వేచ్ఛే. కనిపించని హద్దు మాత్రం అన్యాయం.

మన ఊళ్లలోని మిల్లులకు, ఎరువుల దుకాణాలకు, సహకార సంఘాలకు ప్రోగ్రాములు రాస్తున్న పిల్లలారా, మారే లెక్కలను ముద్దలో కలపకండి. లువా ఫైలులో వివరణలు తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. స్క్రిప్ట్‌కు ఏ పనులు అప్పగించారో, ఏవి ఇవ్వలేదో తెలుగులో ఒక పేజీ రాసి ప్రోగ్రామ్‌తో పాటే ఇవ్వండి.