చెప్పి వచ్చేయకు నాయనా

నాయనా, మొన్నటి యౌవనస్థుల కూడికలో సువార్త పనికి నిన్ను నువ్వు అప్పగించుకున్నావని విని ఎంతో సంతోషించాను. ఈ వయసులో ఆ ఆశ పుట్టడం ప్రభువు కృప. దాన్ని చల్లారనివ్వకు. అయితే ఆ ఆశ ఏ దారిన నడవాలో పెద్దవాణ్ణిగా నాలుగు మాటలు చెబుతాను, మనసుపెట్టి విను.

మత్తయి సువార్త చివర, గలిలయ కొండ మీద ప్రభువు పదకొండుమంది శిష్యులకు ఇచ్చిన ఆజ్ఞను మళ్ళీ నిదానంగా చదువు. వెళ్ళమన్నాడు, బాప్తిస్మం ఇమ్మన్నాడు, ఆపైన తాను ఆజ్ఞాపించినవన్నీ పాటించేలా నేర్పమన్నాడు. మనం చాలాచోట్ల వెళ్ళడం దగ్గరే ఆగిపోతున్నాం. కరపత్రాలు పంచుతాం, మైకు పెట్టి వాక్యం చెబుతాం, చేతులెత్తినవాళ్ళను లెక్కపెట్టుకుని వ్యానెక్కి వచ్చేస్తాం. మర్నాడు ఆ మనిషి ఎవరి గడప తొక్కాలి? ఇంట్లో గొడవైతే ఎవరితో చెప్పుకోవాలి? బైబిలు చేతిలో పెట్టి వచ్చాం సరే, ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరు చెబుతారు? నారు పోసి, నీళ్ళు పెట్టకుండా ఊరెళ్ళిపోయిన రైతుకు పంట ఎలా చేతికొస్తుంది? నా హితవు ఒక్కటే. చెప్పి వచ్చేయకు. చెప్పినవాడితో ఉండు.

మన ఒంగోలు సీమలో ఈ పని ఎలా మొదలైందో నీ తరం తెలుసుకోవాలి. యర్రగుంట్ల పేరయ్య అనే ఆయన తోళ్ళ వ్యాపారి, మాదిగ కులంలో పుట్టినవాడు. దేవుణ్ణి వెతుక్కుంటూ అంతకుముందే యోగసాధన కూడా చేసినవాడు. వ్యాపారం పని మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు సువార్త చెవిన పడింది. 1866లో ఆయనా, భార్య నాగమ్మా మిషనరీ జ్యూయెట్ దొర చేతుల మీదుగా బాప్తిస్మం పొందారు. తర్వాత పేరయ్య తన పల్లెకే తిరిగి వెళ్ళాడు. తన బంధువులతో, తనతో బేరమాడే మనుషులతో, తన భాషలో చెప్పాడు. ఎగతాళి చేసినవాళ్ళ మధ్యే కాపురం ఉన్నాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో ఏర్పడింది. ఆ నెలలోనే ఒంగోలు మిషనరీ క్లౌ దొర పేరయ్య పల్లెకు వెళ్ళేసరికి ఇరవై ఎనిమిదిమంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. దొర రాకముందే అక్కడ పేరయ్య, నాగమ్మల బ్రతుకు మాట్లాడింది.

ఇంకొకటి గుర్తుపెట్టుకో. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశమంతా ఘోరమైన కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. మన తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలుగా నిలబడి, కూలీలు సేదతీరే వేళ పక్కన కూర్చుని ప్రభువు సంగతి చెప్పేవారు. ఎందరో బాప్తిస్మం అడిగారు. అయినా కరువు పని నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. ఆకలి తీరుతుందని వచ్చేవారెవరో, నిజంగా నమ్మి వచ్చేవారెవరో తేలాలనుకున్నాడు. ఆ పని ముగిశాక, చేతిలో ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో దిగి ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ.

మనవాళ్ళు ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకుంటారు. నువ్వు దాని వెనకున్న ఆ ఎదురుచూపు నేర్చుకో. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టు, రోగిని ఆసుపత్రికి తీసుకెళ్ళు, పిల్లవాడికి ఫీజు కట్టగలిగితే కట్టు. అవి ప్రేమకొద్దీ చెయ్యి, బదులుగా ఏమీ అడగకు. ప్రార్థన చేస్తానని చెప్పు, మందులు మానెయ్యమని మాత్రం ఎన్నడూ చెప్పకు. కన్నవాళ్ళకు తెలియకుండా పసివాళ్ళను ఎక్కడికీ తీసుకెళ్ళకు. సువార్తకు చాటుమాటు అక్కర్లేదు.

ఎదుటివాడు చేతులెత్తి మొక్కే దేవుణ్ణి తూలనాడి క్రీస్తును గొప్ప చేయాలని చూడకు. ఎఫెసులో పౌలు మీద, అతని తోటివారి మీద ఊరంతా విరుచుకుపడినప్పుడు, ఈ మనుషులు మన దేవతను దూషించినవారు కారని ఆ పట్టణపు కరణమే జనానికి చెప్పాడు. అపొస్తలుల కార్యములు పంతొమ్మిదో అధ్యాయంలో ఉంది, చూడు. రెండేళ్ళకు పైగా ఆ ఊళ్ళో బోధించిన మనిషికి అటువంటి పేరు వచ్చింది. నీకూ మీ వీధిలో ఆ పేరు రావాలి. మన రాజ్యాంగం 25వ అధికరణంలో మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. అదే అధికరణం ఎదుటివాడి మనస్సాక్షికీ స్వేచ్ఛ ఇచ్చింది. వద్దన్నవాడిని వేధించకు. సువార్తలో కనిపించే ధనవంతుడైన ఆ యువకుడు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతుంటే ప్రభువు అడ్డం పడలేదు, అతణ్ణి ప్రేమించాడు. నీ మాట ఒప్పుకోని మిత్రుడి ఇంట పెళ్ళికీ చావుకీ ముందు నువ్వే వెళ్ళు.

వచ్చినవాణ్ణి ఎక్కడికి తీసుకొస్తున్నావో కూడా ఆలోచించు. తిరునల్వేలి సీమలో పుట్టిన అజరయ్య గారు 1909లో దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని మనవాడయ్యారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ సువార్త చెప్పే బాధ్యత తనదని తన నోటితో ఒప్పుకోవాలని ఆయన పట్టు. ఊరు అంటరానివారని వెలివేసిన పేదల బ్రతుకులు మారడం చూసి, ఆ చుట్టుపక్కల మిగతా కులాలవాళ్ళూ క్రీస్తు వైపు తిరిగారు. మరి ఈనాడు మన సంఘాల్లో కులం లేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా? పెళ్ళి సంబంధం అనగానే ముందు కులం అడిగే విశ్వాసులు ఎందరు! నువ్వు తీసుకొచ్చిన కొత్తవాడు ఏ కులమని ఎవరైనా ఆరా తీస్తే, నువ్వు చెప్పిన సువార్తంతా అక్కడే పోతుంది. ప్రేమవిందులో అతని పక్కన కూర్చుని తిను. మీ ఇంటికి పిలిచి మీ అమ్మ చేతి భోజనం పెట్టించు.

ఇక పని ఎలా మొదలుపెట్టాలంటావా? ప్రభువు పన్నెండుమందిని ఏర్పరచుకున్నది ముందుగా తనతో ఉండడానికేనని మార్కు రాశాడు. పౌలు తిమోతికి నేర్పింది, తిమోతి నమ్మకమైనవారికి అప్పగించాలి, వారు ఇంకొందరికి నేర్పాలి. నువ్వు కూడా ఒక్కరితోనో ఇద్దరితోనో మొదలుపెట్టు. వారానికి ఒక సాయంత్రం కలిసి మార్కు సువార్త చదవండి. అతను అడిగినదానికి జవాబు తెలియకపోతే తెలియదని చెప్పు, పాస్టరుగారిని అడిగి వచ్చి చెప్పు. ప్రార్థన ఎలా చేయాలో ఉపన్యాసం ఇవ్వకు, అతని పక్కన మోకరించి చెయ్యి. అప్పు ఎలా తీర్చాలి, భార్య మీద కోపం ఎలా అణచుకోవాలి, లంచం అడిగితే ఏం చేయాలి, ఇవన్నీ కూడా శిష్యత్వపు పాఠాలే. అతను తడబడి ఓ నెల కనిపించకపోతే వాట్సాప్‌లో వాక్యం పంపి ఊరుకోకు, ఇంటికి వెళ్ళు.

ఏడాది తిరిగాక నువ్వు ఎంతమందికి చెప్పావో నేను అడగను. నువ్వు నేర్పినవాడు ఇప్పుడు ఎవరి పక్కన కూర్చుని నేర్పుతున్నాడో అడుగుతాను. దానికి ఒక్క పేరు చెప్పగలిగినా నీ కష్టం ఫలించినట్టే. రోజూ నీ పేరు ఎత్తి ప్రార్థిస్తున్నాను. లోకాంతం వరకు తోడుంటానని మాట ఇచ్చిన ప్రభువు నీ అడుగులు స్థిరపరచును గాక.