తాత చేతులు మార్చాడు

యాకోబు మంచం పట్టాడు. ఐగుప్తుకు వచ్చి 17 ఏళ్లు, వయసు 147. చూపు మందగించింది. కబురందిన యోసేపు ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఆదికాండము 48వ అధ్యాయంలోని ఈ ఘట్టానికి సండేస్కూలు బొమ్మల్లో మనవలు పసివాళ్లలా కనిపిస్తారు గానీ, కరవుకు ముందే పుట్టినవాళ్లు గనక ఇద్దరికీ ఇరవై ఏళ్లు అటూఇటుగా ఉండాలి. తాత ఏ చెయ్యి ఎవరి తల మీద పెడుతున్నాడో తెలిసే వయసే.

పెద్దవాడు మనష్షే తాత కుడిచేతికీ, చిన్నవాడు ఎఫ్రాయిము ఎడమచేతికీ అందేలా యోసేపు ముందే ఏర్పాటు చేశాడు. తెలుగు క్రైస్తవుల వాడుకలో ‘ఏర్పాటు’ అంటే దేవుడు ఎన్నుకోవడం కూడా. ఆ రోజు యోసేపు ఏర్పాటుకూ దేవుని ఏర్పాటుకూ పొసగలేదు. ముసలాయన చేతులు మార్చి కుడిచెయ్యి చిన్నవాడి తల మీద వేశాడు. పొరబడ్డాడనుకుని యోసేపు ఆ చెయ్యి పట్టుకుని జరపబోయాడు. తెలిసే చేస్తున్నానన్నాడు తండ్రి.

అడ్డుచెప్పింది ఎవరో చూడండి. పదిమంది అన్నలుండగా తండ్రి గారాబం దక్కించుకున్న పదకొండోవాడు. అతని తల్లి రాహేలు చిన్నకూతురు. పెద్దపిల్ల ఉండగా చిన్నపిల్లను ఇవ్వడం తమ ఆనవాయితీ కాదని ఆమె తండ్రి లాబాను పేచీ పెట్టింది ఆమె పెళ్లి దగ్గరే. ఇప్పుడు అదే వాదన ఆమె కొడుకు నోట! వరస తప్పి మేలు పొందినవాళ్లమే, పక్కవాడి దగ్గరికి వచ్చేసరికి వరస గుర్తుచేస్తాం.

ఇక యాకోబు సంగతి చెప్పేదేముంది? అన్న బట్టలు వేసుకుని, మేకపిల్లల చర్మం చేతులకు చుట్టుకుని, చూపులేని తండ్రి దగ్గర దీవెన కాజేసినవాడు. తాను దొంగిలించుకున్నది ఇక్కడ మనవడికి అడక్కుండానే దక్కింది. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం యాకోబు విశ్వాసానికి గుర్తుగా బేతేలు నిచ్చెనను ఎంచుకోలేదు, యబ్బోకు రేవు దగ్గరి పెనుగులాటనూ ఎంచుకోలేదు. కర్ర మీద ఆనుకున్న ఈ ముసలితనపు దీవెనను ఎంచుకుంది.

రోమా పత్రిక 9వ అధ్యాయంలో మాత్రం చాలామందికి గొంతులో ముల్లు దిగుతుంది. యాకోబు, అతని అన్న ఏశావు అనే కవలలు ఇంకా కడుపులో ఉండగానే, మంచీచెడూ ఏదీ చేయకముందే, ఒకణ్ణి ఎన్నుకోవడం న్యాయమా? ఈ ప్రశ్నను పౌలు తప్పించుకోడు, తానే లేవనెత్తుతాడు. జవాబుగా దేవుడు మోషేతో అన్న మాట తెస్తాడు: ఎవరిని కనికరించాలన్నది తన ఇష్టమని. విడిగా వింటే అది దర్బారులో ప్రభువు దర్పంలా ఉంటుంది. కానీ నిర్గమకాండము 33 తెరిచి చూస్తే, బంగారు దూడ వ్యవహారం ముగిసీ ముగియకముందే వచ్చిన మాట అది. జనం చేసిన నేరం కళ్లెదుటే ఉంది. న్యాయమే కావాలని పట్టుబడితే అక్కడ మిగిలేవాళ్లెంతమంది? కనికరం చూపకుండా తన చెయ్యి ఎవరూ పట్టుకోలేరని దేవుడు చెబుతున్నట్టు నాకు వినిపిస్తుంది. రోమా 9లోనే పౌలు ఫరో గుండె కఠినపడటం కూడా చెప్పాడు. దాన్ని నున్నగా చెక్కి మీ చేతిలో పెట్టడం నా వల్ల కాదు. అయితే పౌలు అక్కడే ఆగడని మాత్రం చెప్పగలను. 11వ అధ్యాయం చివరికొచ్చేసరికి అవిధేయతలో అందరూ ఒకటేననీ, అందరినీ కనికరించడానికే అలా జరిగిందనీ అంటాడు. తొమ్మిది చదివి పుస్తకం మూసేసినవాళ్లే ఎక్కువ పోట్లాడుకున్నారు.

వెనకబడినవాళ్లూ ఉత్త చేతులతో పోలేదు. ఏశావు సంతతికిచ్చిన శేయీరులో అడుగు నేల కూడా మీకివ్వనని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పాడు, ఆ సంతతివాడైన ఎదోమీయుడు మీ సహోదరుడు గనక అసహ్యించుకోవద్దన్నాడు. మనష్షే తల మీద కూడా తాత చెయ్యి ఉంది. ఎడమదే, కానీ దీవించే చెయ్యే.

ఎఫ్రాయిము నిజంగానే పెద్దవాడయ్యాడు. ఉత్తర రాజ్యానికి అతని పేరే వాడుకైంది, ఆ పేరుతోనే హోషేయ ప్రవక్త మొత్తుకున్నాడు కూడా. బైబిలు చివరి పుస్తకంలో, ప్రకటన గ్రంథం 7వ అధ్యాయంలో, ముద్ర వేయించుకున్న పన్నెండు గోత్రాల పేర్లు వరసగా ఉన్నాయి. యోసేపు పేరుంది, మనష్షే పేరుంది. ఎఫ్రాయిము అన్న పేరు వెతికితే కనిపించదు.