ప్రశ్న అడుగుట అవిశ్వాసమా?



కాలేజీలో చదువుచున్న మన బిడ్డ కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత, "నాన్నా, ఇదంతా నిజమని మనకెలా తెలుసు?" అని అడిగితే ఏమి చెప్పుచున్నాము? "అలా అడగకూడదు, ప్రార్థన చేసుకో" అని నోరు మూయించుట సులభము. కాని దానితో విశ్వాసమును కాపాడితిమా, పోగొట్టితిమా?

ఫ్రాన్సిస్ షేఫర్ 1912లో అమెరికాలో పుట్టిన పాస్టరు. 1948లో కుటుంబముతో స్విట్జర్లాండు వెళ్ళారు. సిద్ధాంతము కొరకు గట్టిగా పోరాడు సంఘములలో పనిచేసిన ఆయన, ఆ పోరాటములో ప్రేమ ఎందుకు కనబడుట లేదని 1951, 1952 సంవత్సరములలో కలవరపడ్డారు. తనలోని మొదటి ఆనందము కూడ తగ్గినదని గ్రహించి, క్రైస్తవ్యము సత్యమా కాదా అని మొదటినుండి తిరిగి పరిశీలించారు. వాన కురిసినప్పుడు ఇంటి గడ్డి అటకపై అటు ఇటు నడుస్తూ ఆలోచించారు, ప్రార్థించారు. చివరకు నిశ్చయత పొందారు. 1955లో భార్య ఈడిత్‌తో కలిసి 'లాబ్రి' ప్రారంభించారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు ఆశ్రయము అని అర్థము. సందేహములు గల యౌవనులు ఆ ఇంట భోజనము చేసి, భయము లేక ప్రశ్నలు అడిగేవారు.

ఆధునిక మానవుని ఆలోచన రెండంతస్తుల ఇల్లు వంటిదని 1968లో వచ్చిన 'ఎస్కేప్ ఫ్రమ్ రీజన్' అను పుస్తకములో ఆయన వివరించారు. క్రింద విజ్ఞానము, లెక్కలు. పైన విశ్వాసము, జీవితమునకు అర్థము. మధ్యన మెట్లు లేవు. "మతము మనశ్శాంతికి మంచిదే, నిజమో కాదో అడగవద్దు" అనునది ఆ ఇంటి మాటే. "అడగకు, నమ్ము" అను విశ్వాసి కూడ తెలియకుండానే ఆ మెట్లు తీసివేయుచున్నాడు.

బుద్ధిబలముతో దేవుని కనుగొనగలమా? లేము. హృదయమును మార్చుట పరిశుద్ధాత్మ కార్యము. అయినను లాజరును లేపిన ప్రభువు, సమాధి రాయి తీయు పని మనుష్యులకే అప్పగించారు. మన సమాధానము అటువంటిదే.

అక్వినాసును, కీర్కెగార్డును షేఫర్ సరిగా గ్రహించలేదని విమర్శించిన పండితులు విశ్వాసులలోనే ఉన్నారు. కనుక ఆయన చెప్పినదంతా అంగీకరింపనక్కరలేదు. అయితే వాదము గెలిచినా, మనలో ఒకరియెడల ఒకరికి ప్రేమ లేకపోతే లోకము నమ్మదని ఆయన చేసిన హెచ్చరికను మరువరాదు.

మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియాయో మాట్లాడుదురు. మనసులోని సందేహము మాత్రము ఇంట తెలుగులో చెప్పుదురు. ఆ తలుపు మూయకుడి. "నాకు తెలియదు, కలిసి వెదకుదము రా" అనుట తండ్రికి అవమానము కాదు. ప్రభువు తోమాను వెళ్ళగొట్టలేదు, తన గాయములు చూపారు.