రాజకుమారుడని ఎవరు చెప్పాలి?

విజయనగర పాలకుడు వెంకటపతిరాయలు 1614లో చనిపోతూ అన్న కొడుకు శ్రీరంగరాయలిని వారసుడిగా నిలిపాడు. రాజ్యంలోని ప్రముఖుడు గొబ్బూరి జగ్గరాయుడు ఒప్పుకోలేదు. వెంకటపతి రాణి బాయమ్మ కొడుకంటూ మరో పిల్లవాణ్ని ముందుకు తెచ్చాడు. రాణి ఒక బ్రాహ్మణ స్త్రీ బిడ్డను తెచ్చుకుని తన కొడుకని చూపించిందని అప్పట్లోనే చెప్పుకున్నారు. ఈ సంగతులన్నీ పోర్చుగీసు పాద్రీ బర్రాదాస్ 1616 నాటి ఉత్తరంలో ఉన్నాయి.

జగ్గరాయుడు శ్రీరంగరాయలి కుటుంబాన్ని చెరలో పెట్టాడు. అందరూ అక్కడే అంతమయ్యారు, 12 ఏళ్ల రెండో కొడుకు రాముడు తప్ప. శ్రీరంగరాయలి పక్షాన నిలిచిన వెలుగోటి యాచమనాయకుడి పన్నాగం ప్రకారం ఒక చాకలి ఆ పిల్లవాణ్ని మాసిన బట్టల మూటలో పెట్టి బయటికి మోసుకొచ్చాడు. కావలివాళ్ల కంటికి అవి విడుపు బట్టలే. పట్టుబడితే ఆ చాకలి తల తెగేది.

తొప్పూరు యుద్ధంలో జగ్గరాయుడు చనిపోయాక యాచమనాయకుడు, తంజావూరు రఘునాథ నాయకుడు గెలిచి రాముణ్నే రామదేవరాయలన్న పేరుతో రాజుగా నిలబెట్టారు. గెలుపుతో గద్దె ఎవరిదో తేలింది. ఎవరు ఎవరికి పుట్టారన్నది మాత్రం కత్తితో తేలేది కాదు. యాచమనాయకుడు ఓడినా రాముడు శ్రీరంగరాయలి కొడుకే.

శంకరాచార్యులు బృహదారణ్యక భాష్యంలో ఇలాంటి పిల్లవాడి కథే చెప్పారు. పుట్టగానే తల్లిదండ్రులకు దూరమై బోయవాడి ఇంట పెరిగిన రాజకుమారుడు తానూ బోయవాణ్నే అనుకుంటాడు. నిజం తెలిసిన దయాళువు ఒకడు చెప్పాకే ఆ భ్రమ వదులుతుంది. అతడికి కొత్తగా వచ్చిందేమీ లేదు, పోయింది అజ్ఞానం. జీవుడికి బ్రహ్మత్వమూ అంతే.

జగ్గరాయుడు తెచ్చిన పిల్లవాడిది దీనికి తలకిందులైన స్థితి. అప్పటి మాట నిజమైతే అతడు రాజకుమారుడు కాడు, కాని రాచరికాన్ని పెద్దలు అతడి మీద మోపారు. చూడగా ఈ కథలో జాలిపడవలసింది అతడి గురించే.

తాను రాజపుత్రుణ్నని గట్టిగా నమ్మితే సరిపోతుందా? ఫ్రెంచి విప్లవంలో చెరసాల పాలై 1795లో 10 ఏళ్లకే చనిపోయిన 17వ లూయీ తానేనంటూ నౌండార్ఫ్ అనే గడియారాల పనివాడు 1845లో చనిపోయేదాకా వాదించాడు. చెరసాలలో చనిపోయిన పిల్లవాడి గుండెను అప్పట్లో తీసి దాచారు. 2000లో దానికి డీఎన్‌ఏ పరీక్ష చేస్తే మేరీ ఆంటోనెట్ వంశంతో సరిపోయింది. నౌండార్ఫ్ మాట నిలవలేదు.

మరో జ్ఞానం వచ్చి కొట్టివేయలేనిదే యథార్థ జ్ఞానమని అద్వైతుల నిర్ణయం. అందుకే వాళ్లు ‘అహం బ్రహ్మాస్మి’ని సైతం సాధకుడి నమ్మకానికి వదలక శ్రుతి ప్రమాణం మీద నిలిపారు.