రాసిపెట్టి లేదా?

134 టెస్టులు, 8,781 పరుగులు, 17 సెంచరీలు. ఇంత ఆడిన వి.వి.ఎస్. లక్ష్మణ్ ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఎందుకని అడిగితే గుండుగొలనులోనైనా గుంటూరులోనైనా వినిపించే జవాబు ఒకటే: "రాసిపెట్టి లేదు." ఓదార్పుగా ఆ మాట మంచిదే. సత్యంగా మాత్రం నిలవదు.

2003 ప్రపంచకప్ జట్టులో ఆయనకు చోటు ఇవ్వనిది బ్రహ్మ కాదు, సెలక్టర్లు. దినేశ్ మోంగియాను తీసుకున్నారు. మనుషులు కూర్చుని చేసిన నిర్ణయమది, తప్పొప్పులు నిలదీయదగినది. కొల్లేరు సరస్సు ముంపు సంగతీ అంతే. బుడమేరు, తమ్మిలేరు పొంగడం వాన పని. ఆ నీటిని ఉప్పుటేరు దాకా పోనివ్వని చేపల చెరువుల గట్లు మనిషి పని. రెంటినీ కలిపి ఖర్మ అనేస్తే గట్టు వేసినవాణ్ణి అడిగే దిక్కుండదు.

లక్ష్మణ్‌కు ముత్తాత వరసయ్యే సర్వేపల్లి రాధాకృష్ణన్ కర్మను పేకాటతో పోల్చారు. చేతికొచ్చిన ముక్కలు మనం ఎంచుకున్నవి కావు, ఆడే తీరు మాత్రం మనదేనన్నారు. కర్మ సిద్ధాంతంలో మనిషి స్వేచ్ఛకు అంత చక్కగా చోటు చూపినవారు అరుదు. అయితే ముక్కలు పంచే చేయి ఒక్కోసారి సాటి మనిషిదే. పంచడంలో న్యాయం జరిగిందా అని అడగడం దైవాన్ని కాదనడం కాదు.

ఫలం మీద ఆశ వదలమని గీత చెబుతుంది. బాధే పడొద్దని దానికి అర్థం చెప్పుకుంటే లక్ష్మణ్ జీవితం ఒప్పుకోదు. 2003లో జట్టులో లేనప్పుడు కుంగిపోయానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో అడిలైడ్ టెస్టులో 148 కొట్టి, ద్రావిడ్‌తో 303 పరుగులు జోడించారు. బాధ తీరాక పని మొదలుపెట్టలేదు, బాధతోనే చేశారు.

2010 అక్టోబరు, మొహాలీ టెస్టు. ఆస్ట్రేలియాపై లక్ష్యం 216. స్కోరు 124 దగ్గర ఎనిమిదో వికెట్ పడింది. నడుం పట్టేసిన లక్ష్మణ్ తరఫున సురేశ్ రైనా పరుగెత్తుతున్నాడు. ఇషాంత్ శర్మను వెంటబెట్టుకుని ఆయన 81 పరుగులు జోడించారు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఆఖర్లో పరుగుకు తటపటాయించిన చివరి బ్యాటర్ ఓఝా మీద బ్యాటు ఎత్తి మరీ అరిచారు. 73 నాటౌట్, ఒక్క వికెట్ తేడాతో గెలుపు. ఫలాసక్తి లేని కర్మ అంటే ఉదాసీనత అనుకునేవాళ్లు ఆ అరుపును ఏ ఖాతాలో వేస్తారు?